ఇల్లు చూడ్డానికి ఆదివారం పోకండి

రెండేళ్లుగా మా ఇంట్లో ఆదివారం అంటే ప్లాట్లు చూడ్డమే. పొద్దున్నే టిఫిన్లు కానిచ్చి, పాపను పక్కింట్లో వదిలి, బండి మీద గద్వాల చుట్టూ తిరగడం. 2016 అక్టోబర్‌లో గద్వాల జిల్లా కేంద్రం అయ్యాక అయిజ రోడ్డు, రాయచూరు రోడ్డు, మా అత్తగారి ఊరు మల్దకల్ వైపు రోడ్డు, ఎటు పోయినా చేలల్లో తెల్లరాళ్లు పాతి, పైన తోరణం కట్టి, కింద రంగు కుర్చీలేసి పిలుస్తున్నారు. మజ్జిగ కూడా ఇస్తారు.

మా ఆయన అడిగే ప్రశ్నలు మూడే. తూర్పు ముఖమా? రోడ్డు ఎన్ని అడుగులు? ఐదేళ్లలో రేటు ఎంతవుతుంది? మూడో ప్రశ్న దగ్గర నాకు కాలుతుంది. మనం కొనేది ఉండడానికా, అమ్మడానికా? ఆయన పొద్దున ఎనిమిదికి పోతే రాత్రి ఎనిమిదికి వస్తాడు. ఆ ఇంట్లో ఇరవై గంటలు ఉండేది నేనూ, రేపు మల్దకల్ నుంచి వచ్చే మా అత్తమ్మా. బ్యాంకులో పెట్టబోయేది నా ఆరు తులాలు. మరి ఇల్లు చూసే కళ్లు ఎవరివి కావాలి?

మొన్న శ్రావణంలో ఒక వెంచర్‌లో 150 గజాల ప్లాటు దాదాపు ఖాయమైపోయింది. బయానా ఇవ్వడమే తరువాయి. నాకెందుకో మనసొప్పక, అత్తమ్మను ఒకసారి చూపిద్దామన్నాను. "ఆమెకేం తెలుస్తుంది ప్లాట్ల గురించి" అన్నాడు ఆమె కొడుకే.

అత్తమ్మ ప్లాటు చూడలేదు. నాలుగు ప్లాట్ల అవతల ఎవరో సెప్టిక్ ట్యాంకుకు గుంత తవ్వుతుంటే అక్కడికి పోయి నిలబడింది. గుంత గోడలో పైన రెండడుగులు ఎర్ర మొరం, దాని కింద నల్లగా రేగడి. నన్ను పిలిచి, "ఇది కుంట కింది చేను గదమ్మా. సీడు పత్తి క్రాసింగ్‌కు మేం ఈడికే వచ్చేటోళ్లం. వానొస్తే మోకాలిదాకా దిగబడేది" అంది. చెట్లు పోయాయి, గట్లు పోయాయి, ఆమె మట్టిని బట్టి పోల్చుకుంది.

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. మామూలు పునాది వేస్తే నాలుగేళ్లకు గోడలు ఏటవాలుగా చీలతాయి. కట్టలేమని కాదు. లోతుగా తవ్వాలి, బీములు వేయాలి, ఖర్చు పెరుగుతుంది. ఆ సంగతి మజ్జిగ ఇచ్చినవాళ్లు చెప్పలేదు. కుంట కింద అంటే నీళ్లు ఎప్పటికైనా తమ దారి వెతుక్కుంటాయి. 2009 అక్టోబర్‌లో అలంపూర్, కర్నూలు మునిగినప్పుడు మా బంధువులు కట్టుబట్టలతో బయటపడ్డారు. అది తుంగభద్ర, ఇది కుంట, నిజమే. కానీ ఇంట్లోకి వచ్చిన బురద ఎత్తిపోసేది ఆడవాళ్లే కదా.

అందుకే చెబుతున్నా, ఆదివారం పోకండి. ఆదివారం అన్ని వెంచర్లూ బాగుంటాయి. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి పోండి. వీధిలో మనిషి అలికిడి ఉందా చూడండి. రాత్రి ఏడున్నరకు పోండి. ట్యూషన్ నుంచి మీ పిల్ల ఒక్కతే నడిచొచ్చే దారి అదేననుకుని, మెయిన్ రోడ్డు నుంచి ఇంటిదాకా మీరు నడవండి. వాన పడ్డ మర్నాడు తప్పకుండా పోండి. అక్కడ ఇప్పటికే ఉంటున్న ఒక ఆడమనిషిని పట్టుకుని నల్లా ఏ టైముకొస్తుంది, ఎండాకాలం ట్యాంకర్ ఎన్నిసార్లు పిలుస్తారు అని అడగండి. భగీరథ పైపు ఉందని అందరూ చెబుతారు. పైపు ఉండడం వేరు, నీళ్లు రావడం వేరు.

కాగితాల సంగతి మగవాళ్లు చూసుకుంటారులే అనుకోకండి. మా చెల్లెలు అలాగే అనుకుంది. లేఅవుట్ మంజూరు ఉందా, సాగుభూమిని ఇళ్ల స్థలంగా మార్చారా ఎవరూ అడగలేదు. 2020లో ఎల్‌ఆర్‌ఎస్ పెట్టినప్పుడు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకుంది. కాగితంలో పార్కు అని చూపిన జాగాలో ఇప్పుడు ఎవరిదో ఇల్లు లేస్తోంది. ఈసీ మీరే తీయించండి. సర్వే నంబరు తీసుకుని తహసీల్ ఆఫీసులో అది శిఖం భూమేమో, అంటే చెరువో కుంటో నీళ్లు నిలిచే భూమేమో, మీరే అడగండి. రిజిస్ట్రేషన్‌లో మీ పేరు కూడా రాయించుకోండి. బంగారం మీదైనప్పుడు అడగడానికి మొహమాటం దేనికి?

ఇంకో మాట. ఒక బ్రోకరు "ఇక్కడంతా మనోళ్లే మేడం, వేరేవాళ్లు రారు" అన్నాడు, అదేదో సౌకర్యం లెక్క. పోయినేడు రాత్రి ఒంటిగంటకు పాపకు జ్వరం ముదిరి ఒళ్లు బిగుసుకుపోతే ఎదురింటి అన్న ఆటో తీశాడు. డాక్టరు చూసేదాకా మాతోనే ఉన్నాడు. ఆయన కులమేమిటో నాకిప్పటికీ తెలీదు.

ఆ ప్లాటు వద్దనుకున్నాం. వద్దన్నది నేనే. మా ఆయన వారం రోజులు ముభావంగా ఉన్నాడు. ఆయన స్నేహితుడు అదే వెంచర్‌లో కొన్నాడు. రేటు పెరిగిందని ఫోన్ చేసి మరీ చెబుతున్నాడు. పెరిగే ఉంటుంది, నేను కాదనను.

ఇప్పుడు గద్వాల లోపలే ఒక పాత ఇల్లు చూశాం. సందులోకి కారు రాదు. రెండే గదులు, వంటిల్లు చీకటి. కానీ ముందు అరుగు ఉంది, నాలుగిళ్ల అవతల కిరాణా ఉంది, అత్తమ్మ కర్ర పట్టుకుని గుడిదాకా నడవగలదు. అరుగు చూడగానే ఆమె కూర్చుంది, లేపడం కష్టమైంది. ఆయన మాత్రం "దీన్ని రేపు ఎవరు కొంటారు?" అంటున్నాడు.

ఇంకా ఏమీ తేలలేదు. మంగళవారం మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే పోతున్నా. ఆ అరుగు మీద ఓ గంట కూర్చుని చూస్తా.