వైద్యుని వద్ద దాపరికం

ముఖంపై ముడతలు పోగొట్టే బొటాక్స్ ఇంజెక్షన్ కోసం హనుమకొండ, వరంగల్‌లలోని చర్మ వైద్యుల వద్దకు మన ఇళ్ళ స్త్రీలూ వెళుతున్నారు. కేవలం అందం కోసం అది ధర్మసమ్మతమా అన్నది ముఫ్తీలను అడగవలసిన ప్రశ్న. మా ఆందోళన వేరు. ఇంట్లో చెప్పకుండా వేయించుకున్న ఆ సంగతిని, తర్వాత జబ్బు చేసినప్పుడు వైద్యునికీ చెప్పడం లేదు.

నరం నుంచి కండరానికి అందే సంకేతాన్ని బొటాక్స్ అడ్డుకుంటుంది. దాని ప్రభావం మూడు నాలుగు నెలలు ఉంటుంది. జెంటామైసిన్, అమికాసిన్ వంటి యాంటిబయాటిక్ ఇంజెక్షన్లూ ఆ సంకేతాన్నే బలహీనపరచగలవు. రెండూ కలిస్తే కండరాల బలహీనత పెరిగి కనురెప్పలు వాలవచ్చు. అరుదుగానైనా మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టం కావచ్చు. అమాక్సిసిలిన్ వంటి మందులతో ఈ చిక్కు లేదు. కనుక భయపడి, రాసిచ్చిన మందు మానివేయరాదు. విషయం తెలిస్తే వైద్యుడే తగినది ఎంచుతారు.

వైద్యం తెలియకుండా చికిత్స చేసినవాడు నష్టానికి బాధ్యుడన్న దైవప్రవక్త (స) హెచ్చరిక అబూదావూద్ గ్రంథంలో ఉంది. తెలిసిన వైద్యుని నుంచే సంగతి దాచితే ఆ బాధ్యత ఎవరిది?

అత్తగారు పక్కనుండగా నోరు విప్పలేని కోడలు, ఇంజెక్షన్ పేరు, వేయించుకున్న తేదీ చీటీపై రాసి వైద్యునికి అందించవచ్చు.