ఎవరి ఇబ్బంది లెక్కకొస్తుంది?

1973 మొదట్లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఈస్ట్ క్లీవ్‌లాండ్ అనే చిన్న పట్టణంలో ఇనెజ్ మూర్ అనే నల్లజాతి స్త్రీకి పురపాలక అధికారుల నుంచి ఒక నోటీసు వచ్చింది. మీ ఇంట్లో చట్టవిరుద్ధంగా ఒక వ్యక్తి నివసిస్తున్నాడు, చట్టానికి లోబడి నడుచుకోండి అన్నది దాని సారాంశం. ఆ 'వ్యక్తి' ఆమె మనవడు. తల్లి చనిపోతే నాయనమ్మ దగ్గరికి చేరిన పిల్లవాడు. ఆ ఇంట్లోనే ఆమె మరో కొడుకు, అతని కొడుకు కూడా ఉంటున్నారు.

ఇందులో నేరమెక్కడుందని మనకు అనిపిస్తుంది. ఆ పట్టణ జోనింగ్ చట్టం 'కుటుంబం' అంటే ఎవరెవరో నిర్వచించింది. ఆ నిర్వచనం ప్రకారం నాయనమ్మ దగ్గర ఉన్న ఇద్దరు మనవళ్లూ ఒకే తల్లిదండ్రుల బిడ్డలైతే పేచీ లేదు. అన్నదమ్ముల బిడ్డలు కాబట్టి ఒకరు బయటికి పోవాలి. ఆమె పిల్లవాణ్ణి పంపలేదు. పట్టణం ఆమె మీద క్రిమినల్ కేసు పెట్టింది. ఐదు రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా పడ్డాయి. తలదాచుకోవడానికి వచ్చిన మనవణ్ణి పెంచినందుకు ఒక నాయనమ్మకు జైలుశిక్ష! ఆ పట్టణంలో నల్లజాతివారే అధికులు, పాలకవర్గంలోనూ నల్లజాతివారే ఉన్నారు. అందువల్ల దీన్ని కేవలం తెల్లవారి దౌర్జన్యమని తేల్చేసి ఊరుకోలేం. 'మర్యాదస్తుల పేట' ఎలా ఉండాలన్న ఊహ ఎవరి బుర్రలోనైనా దూరగలదు.

1977లో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపుగా చీలిపోయి, ఒక్క ఓటు తేడాతో ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పును కుటుంబ జీవన హక్కుకు ఉదాహరణగా అందరూ చెబుతారు. మేం ఇక్కడ మాట్లాడదలచుకున్నది వ్యతిరేకించిన నలుగురిలో ఒకరైన ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ లేవనెత్తిన అభ్యంతరం గురించి. ఆవిడ కోర్టుకెందుకు వచ్చింది? పట్టణంలో సడలింపులు ఇచ్చే బోర్డు ఉంది కదా, అక్కడికి వెళ్లి ఒక దరఖాస్తు పెట్టుకుంటే సరిపోయేది కదా అన్నది ఆయన వాదన. ఆచరణలో ఇబ్బందులు, అనవసర కష్టం ఉన్నచోట నియమాన్ని సడలించే అధికారం ఆ బోర్డుకు నిజంగానే ఉంది.

చూడ్డానికి న్యాయమైన మాటే. చట్టం గట్టిగా ఉన్నచోట ఒక చిన్న తలుపు తెరిచే ఉంది, తట్టలేదు కాబట్టి తప్పు ఆమెదే. అయితే ఆ తలుపు వెనక ఎవరు కూర్చుంటారు, ఏం అడుగుతారు అన్నది స్త్రీలుగా మనం తెలుసుకోవలసిన విషయం.

1916లో న్యూయార్క్ నగరం తన మొత్తం విస్తీర్ణానికీ జోనింగ్ నియమాలు చేసింది. 1926లో, క్లీవ్‌లాండ్‌కే మరో శివారైన యూక్లిడ్ గ్రామం కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతికి ఆమోదముద్ర వేసింది. ఇళ్లున్నచోట ఇళ్లు, కర్మాగారాలున్నచోట కర్మాగారాలు అన్న ఏర్పాటులో మంచి లేకపోలేదు. కానీ ఆ తీర్పులోనే అపార్ట్‌మెంట్లను సొంత ఇళ్ల పేటమీద బతికే పరాన్నజీవులతో పోల్చారు. అద్దె ఇంట్లో ఉండే మనిషి మీద అనుమానం ఈ చట్టానికి పుట్టుకతోనే వచ్చింది.

నియమం ఎంత వివరంగా రాసినా ప్రతి స్థలానికీ సరిపోదు. అందుకే 1920లలో అమెరికా ప్రభుత్వం రాష్ట్రాల కోసం తయారుచేసిన నమూనా చట్టంలో ఐదుగురు సభ్యుల బోర్డును పెట్టారు. నియమం నుంచి సడలింపు ఇవ్వాలంటే ఐదుగురిలో నలుగురు ఒప్పుకోవాలి. ఇప్పటికీ చాలా ఊళ్లలో ఈ బోర్డులు ఇంచుమించు ఆ నమూనాలోనే ఉన్నాయి. సభ్యులు న్యాయమూర్తులు కారు. ఊళ్లో నియమితులైన మామూలు పౌరులు, చాలాచోట్ల జీతం లేకుండా పనిచేస్తారు. చేసే పని మాత్రం న్యాయస్థానం పనిలాంటిదే. నోటీసు ఇవ్వాలి, బహిరంగ విచారణ జరపాలి, సాక్ష్యం వినాలి, కారణాలు చెప్పి నిర్ణయించాలి.

వీళ్ల ముందుకు వచ్చే దరఖాస్తులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ప్రత్యేక మినహాయింపు. ఫలానా పేటలో బడి, గుడి, పిల్లల సంరక్షణ కేంద్రం వంటివి ఫలానా షరతులతో పెట్టుకోవచ్చని చట్టమే ముందుగా ఒప్పుకుంటుంది. షరతులు తీరాయని చూపిస్తే బోర్డు మామూలుగా ఇవ్వాల్సిందే. పేరుకే మినహాయింపు గాని, ఇది షరతులతో కూడిన హక్కు. ఈ సంగతి తెలియక చాలామంది దరఖాస్తుదారులు విచారణలో దయాభిక్ష అడుగుతున్నట్టు నిలబడతారు. రెండోది సడలింపు, వాళ్ల భాషలో వేరియెన్స్. చట్టం వద్దన్నదాన్ని నా ఒక్క స్థలానికి ఒప్పుకోండి అని అడగడం. ఇది కష్టం, కష్టంగానే ఉండాలి కూడా. అడిగినవారికల్లా ఇస్తే ఇక నియమమెందుకు?

సడలింపు కోసం చూపవలసిన 'కష్టం' ఎలాంటిదో 1939లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఒట్టో వర్సెస్ స్టైన్‌హిల్బర్ కేసులో చెప్పింది. నియమం ఒప్పుకునే వాడకంతో ఆ భూమి మీద తగిన ప్రతిఫలం రాకూడదు. ఆ చిక్కు పేటంతటికీ ఉన్నది కాక ఆ స్థలానికే ప్రత్యేకమైనదై ఉండాలి. అడుగుతున్న వాడకం పేట స్వరూపాన్ని మార్చకూడదు. ఆ తర్వాత అనేక రాష్ట్రాలు దీన్ని అనుసరించాయి, కొన్ని మార్చుకున్నాయి. సారం మాత్రం పెద్దగా మారలేదు. కష్టం భూమిదై ఉండాలి, మనిషిది కాకూడదు. స్థలం మూడుమూలలుగా ఉంది, వాలుగా ఉంది, రాతినేల అంటే వింటారు. కోడలు చనిపోయింది, మనవణ్ణి చూసేవాళ్లు లేరు అంటే అది సొంత విషయం. పైగా కష్టాన్ని కోరి తెచ్చుకోకూడదన్న నియమం ఒకటి. బిడ్డను చేరదీయడం కోరి తెచ్చుకున్న కష్టం కాదా అని అడిగితే ఆ నాయనమ్మ ఏమని జవాబు చెప్పాలి?

ఈ సూత్రం వెనక ఉన్న కారణాన్ని మేం కాదనడం లేదు. మనిషి వెళ్లిపోతాడు, కట్టడం ఉండిపోతుంది. జాలి చూసి అనుమతులిస్తే రేపు పలుకుబడి చూసి ఇస్తారు. మా అభ్యంతరం ఇంకోచోట ఉంది. దరఖాస్తు పెట్టుకున్న మనిషి జీవితం సాక్ష్యానికి పనికిరాదన్న అదే గదిలో పొరుగువారి భయాలకు, అయిష్టాలకు గంటల తరబడి చోటు దొరుకుతుంది. ట్రాఫిక్ పెరుగుతుంది, ఇళ్ల ధరలు పడిపోతాయి, 'ఆ రకం వాళ్లు' వస్తారు. ఇవన్నీ కూడా సొంత విషయాలే కదా!

ఆ గదిలో ఎవరుంటారో కూడా చూడాలి. చాలా ఊళ్లలో నోటీసు చుట్టుపక్కల ఇన్ని అడుగుల లోపు ఉన్న ఆస్తి యజమానులకే పోస్టులో వెళుతుంది. అద్దెకున్నవారికి స్థలం దగ్గర పాతిన బోర్డు కంటపడితే తెలిసినట్టు, లేకపోతే లేదు. విచారణ తరచుగా రాత్రి ఏడు గంటలకు. వంటవేళ, పిల్లలను పడుకోబెట్టే వేళ, రెండో షిఫ్టుకు పోయే వేళ. తీరిక ఉన్న యజమానులు వస్తారు, చెబుతారు, వెళతారు. బోర్డు సభ్యులకు వారు రేపు మార్కెట్లో ఎదురుపడే మనుషులు.

టెక్సాస్ రాష్ట్రంలోని క్లీబర్న్ పట్టణంలో జరిగింది చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. 1980లో మేధో వైకల్యం ఉన్న పదమూడుమంది స్త్రీపురుషులు కలిసి ఉండేందుకు ఒక ఇల్లు తీసుకోవాలనుకున్నారు. అక్కడ అనుమతినిచ్చే అధికారం బోర్డుది కాక నగర కౌన్సిల్‌ది. ఏటేటా తిరగరాయించుకోవలసిన ప్రత్యేక అనుమతి కావాలన్నారు. పైగా రెండు వందల అడుగుల లోపు ఉన్న ఆస్తి యజమానుల సంతకాలు దరఖాస్తుదారు తెచ్చుకోవాలి. మన ఊళ్లో కాపురం పెట్టడానికి ఇరుగుపొరుగు ఇళ్లకు కాగితం పట్టుకుని తిరగడాన్ని ఊహించండి. కౌన్సిల్ మూడు ఓట్లకు ఒక ఓటు తేడాతో కాదంది. చెప్పిన కారణాలు విచిత్రమైనవి. ఎదురుగా బడి ఉంది, పిల్లలు వాళ్లను వేధిస్తారు అన్నారు. ఆ బడిలోనే అలాంటి వైకల్యం ఉన్న పిల్లలు ముప్పైమంది దాకా చదువుతున్నారు. అయిదు వందల ఏళ్లకోసారి వరద రాగల నేల అన్నారు. అదే నేలమీద ఆసుపత్రికో వృద్ధాశ్రమానికో ఏ ప్రత్యేక అనుమతీ అక్కర్లేదు. అసలు కారణం పొరుగువారికి ఇష్టం లేకపోవడం. పొరుగువారి వ్యతిరేకత, ఆధారం లేని భయం ఒక నివాసాన్ని కాదనడానికి కారణాలు కాలేవని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. అది చెప్పించుకోవడానికి ఆ పదమూడుమందికి ఐదేళ్లు పట్టింది.

హింసనుంచి పారిపోయి వచ్చిన స్త్రీల ఆశ్రయాల సంగతి ఇంకా చిక్కుది. పెన్సిల్వేనియాలోని బట్లర్ పట్టణంలో అలాంటి ఆశ్రయం నడపాలనుకున్నారు. తాత్కాలిక నివాసాల్లో ఆరుగురికి మించి ఉండకూడదన్న పట్టణ నియమం అడ్డొచ్చింది. ముగ్గురేసి పిల్లలున్న తల్లులు ఇద్దరొస్తే లెక్క దాటిపోతుంది. 1989లో ఫెడరల్ అప్పీలు కోర్టు, ఆ పరిమితి అందరికీ ఒకటే కాబట్టి స్త్రీల పట్ల వివక్ష కాదంది. పిల్లలున్న కుటుంబాల పట్ల వివక్ష అవుతుందేమో చూడమని మాత్రం కింది కోర్టుకు తిప్పి పంపింది. అందరికీ ఒకటే అన్న నియమం అందరి మీదా ఒకేలా పడదని మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇంకో సంగతి. కోర్టులో ఆ స్త్రీలు 'డో' అన్న మారుపేరుతో నిలబడగలిగారు. జోనింగ్ విచారణలో స్థలానికి మారుపేరు ఉండదు. చిరునామా నోటీసులో అచ్చవుతుంది. భర్తకు తెలియకూడదనే కదా ఆ ఇల్లు!

దారులు అసలే తెరుచుకోలేదని కాదు. నివాస హక్కుల చట్టంలో లింగ వివక్షను 1974లో చేర్చారు. 1988లో వైకల్యం ఉన్నవారిని, పిల్లలున్న కుటుంబాలను చేర్చారు. వైకల్యం ఉన్నవారి కోసం నియమాన్ని తగినంతగా సడలించడం అప్పటినుంచి బోర్డుల బాధ్యత అయింది. అంటే అక్కడ మనిషి కష్టం సాక్ష్యంగా లోపలికి వచ్చింది. ఇక కాలిఫోర్నియాలో ఇంట్లోనే పిల్లలను చూసుకుంటూ సంపాదించుకునే స్త్రీలు, పిల్లల సంఖ్య పెరిగితే ఊరి అనుమతి కోసం తిరగాల్సి వచ్చేది. 2019లో చేసిన చట్టం ప్రకారం 2020 జనవరి 1 నుంచి పద్నాలుగుమంది దాకా పిల్లలున్న లైసెన్సు గల ఇల్లు కూడా నివాసంగానే లెక్క. విచారణ లేదు, పొరుగువారి పంచాయితీ లేదు. మనవళ్లను చూసుకోవడానికి ఇక్కడినుంచి వెళ్లే అమ్మమ్మలూ నాయనమ్మలూ, అక్కడ ఇంట్లో పిల్లల కేంద్రం పెట్టుకునే మన అమ్మాయిలూ ఉన్నారు కనుక ఇది మనకు మరీ దూరపు కబురు కాదు.

మన దగ్గర ఐదుగురు సభ్యుల బోర్డూ, రాత్రి ఏడు గంటల విచారణా లేవు. నియమం ఉంది, ఉల్లంఘన ఉంది, కొన్నేళ్లకోసారి క్రమబద్ధీకరణ పథకం ఉంది. 2007 డిసెంబరు 31న అక్రమ కట్టడాలకు, అక్రమ లేఅవుట్లకు వెంటవెంటనే రెండు జీవోలు వచ్చాయి. 2020 ఆగస్టు 31న తెలంగాణలో మళ్లీ లేఅవుట్ల పథకం వస్తే పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చిపడ్డాయి. ఇక్కడ మీ కష్టమేమిటని ఎవరూ అడగరు. ఎన్ని గజాలు, ఆ చోట రేటెంత, రుసుమెంత అని అడుగుతారు. చీటీపాట డబ్బుతో వంద గజాలు కొనుక్కుని, లేఅవుట్‌కు అనుమతి లేదని తర్వాత తెలుసుకున్న మనిషికీ, తెలిసే నాలుగు అంతస్తులు లేపిన మనిషికీ వరస ఒకటే. అమెరికా బోర్డు స్త్రీ జీవితాన్ని విని పక్కన పెడుతుంది. మన పద్ధతిలో వినే చోటే లేదు. మన కార్యకర్తలు ఆశ్రయ గృహానికి ఇల్లు వెతికేటప్పుడు పొరుగువారి సంతకాలు ఎవరూ అడగరు. ఇంటి యజమాని నోటితోనే ఆ పని జరిగిపోతుంది. దానికి అప్పీలుండదు.

ఒక్కచోట మాత్రం వినవలసిన బాధ్యత చట్టంలో ఉంది. 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం 12వ సెక్షన్ కింద మాస్టర్ ప్లాన్‌లో భూవినియోగం మార్చాలంటే ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి. పార్కుగా చూపిన చోటు వాణిజ్యానికి, పొలంగా చూపిన చోటు ఇళ్లకు మారేది ఈ దారినే. సర్వే నంబర్లతో, ఎవరికీ అర్థంకాని భాషలో, పత్రిక లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వస్తుంది ఆ ప్రకటన. గడువు సాధారణంగా పదిహేను రోజులు. బస్తీల్లో పనిచేస్తున్న మన సంఘాలు ఇలాంటి ప్రకటనలను కత్తిరించి, సర్వే నంబరు ఏ గల్లీదో కనుక్కుని, ఆ గల్లీ ఆడవాళ్ల ముందు చదవడం ఈ మూడు నెలల్లో మొదలుపెట్టాలని మా ప్రతిపాదన. అభ్యంతరం రాయడానికి ఆస్తి కాగితం ఉండాలని ఆలోచించి ఆగిపోవద్దు. అక్కడ నీళ్లు పట్టుకునే మనిషి, అక్కడినుంచి బడికి పిల్లలను పంపే మనిషి రాయవచ్చు. ఇచ్చిన కాగితానికి తేదీతో రసీదు తీసుకోండి. నిర్ణయం వచ్చాక మీ అభ్యంతరానికి ఏ కారణం చెప్పి కాదన్నారో రాతపూర్వకంగా అడగండి, చెప్పకపోతే సమాచార హక్కు కింద అడగండి. వచ్చిన జవాబులు మాకు పంపితే వచ్చే సంచికలో అచ్చువేస్తాం.