లండన్‌లో మూడు రోజులు... ఒక పూట చీరలకు!

కొడుకో కూతురో రమ్మన్నారని లండన్ వెళ్లివచ్చే అమ్మానాన్నలు ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ కనిపిస్తున్నారు. రాజోలి నుంచి ఓ నేత కుటుంబం అలాగే బయల్దేరుతోందనుకుందాం. చూడటానికి మూడే రోజులు.

ముందు వీసా సంగతి. పారిస్‌కి ఇచ్చే షెంజెన్ వీసా లండన్‌కి పనికిరాదు. బ్రిటన్ విజిటర్ వీసా విడిగా తీసుకోవాలి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయొచ్చు.

బిగ్‌బెన్, థేమ్స్ వంతెనలు ఎలాగూ చూస్తారు. టికెట్టు కొంటే లండన్ టవర్‌లో మన కోహినూర్‌నీ చూపిస్తారు. నన్నడిగితే మాత్రం ఒక పూట బట్టలకు కేటాయించమంటాను.

ఈస్టిండియా కంపెనీ ఇక్కడ పోగేసిన వస్తువులతో లండన్‌లో ఇండియా మ్యూజియం ఉండేది. అక్కడి అధికారి ఫోర్బ్స్ వాట్సన్ 1866లో మన బట్టల్లోంచి 700 ముక్కలు కత్తిరించి, 18 సంపుటాల్లో అతికించాడు. అలాంటివి 20 సెట్లు చేస్తే 13 బ్రిటన్‌లోనే ఉంచారు. ఎందుకంటారా? వాళ్ల మిల్లులు మనకు నచ్చే బట్టే తయారుచేసి మనకే అమ్మడానికి! 1879లో ఆ మ్యూజియాన్ని ఎత్తేశాక బట్టలు చాలావరకు ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి చేరాయి.

ఆ మ్యూజియమే 2025 మే 31న స్ట్రాట్‌ఫర్డ్ వైపు ఈస్ట్ స్టోర్‌హౌస్ అని తన గోదాము తలుపులు జనానికి తెరిచింది. ప్రవేశం ఉచితం. కనీసం రెండు వారాల ముందు ఇంటర్నెట్‌లో కోరుకుంటే అయిదు వస్తువుల దాకా తీసి మన ముందు పెడతారు. దక్కన్, హైదరాబాద్, మద్రాస్ అని జాబితాలో వెతకండి. అచ్చంగా గద్వాల చీరే దొరుకుతుందని నేను ఆశపెట్టను. అయినా నూలు ఒంటికి పట్టు అంచు కలిపే చేతులకు ఆ అల్లిక చూస్తే తెలిసేది వేరు. పైగా 2009 అక్టోబరులో తుంగభద్ర ముంచెత్తి ఇళ్లూ మగ్గాలూ నీళ్లపాలైన ఊరది. అమ్మమ్మల నాటి చీరలు ఎన్నిళ్లలో మిగిలి ఉంటాయి?

ఇండియా మ్యూజియంలోని అమరావతి శిల్పాలేమో బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లాయి. 33ఎ గదిలో ఉంటాయి. అక్కడా టికెట్టు లేదు. శుక్రవారాల్లో రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది కాబట్టి, దాన్ని ఆ సాయంత్రానికి పెట్టుకుంటే పగలంతా మిగులుతుంది.