‘తమస్’ రేపిన గాయం ఏది?

దేశవిభజన నాటి గాయాన్ని ‘తమస్’ రేపుతోందన్నది 1988లో దూరదర్శన్ ప్రసారవేళ వినవచ్చిన అభియోగం. సుప్రీంకోర్టు దానిని తోసిపుచ్చింది. అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది: ఆ గాయం మానిందెప్పుడు? 1947 నాటి రావల్పిండి అల్లర్లను భీష్మ్ సాహ్ని కళ్లారా చూశారు. 1970లో భివండీ అల్లర్ల శిథిలాల నడుమ తిరిగినప్పుడే ఆ ఊరు ఆయన స్మృతిలో మళ్లీ మేల్కొని నవలకు ప్రేరణ అయింది. అంటే జ్ఞాపకాన్ని కదిలించింది కొత్త హింసే గాని కళ కాదు. గోవింద్ నిహలానీ ధారావాహికలో, ఉన్న ఊరు విడిచిపోయే వృద్ధుడు హర్నామ్ సింగ్ పాత్రను సాహ్నియే ధరించారు. దానిని కేవలం నటనగా తూచే విమర్శను నేను అంగీకరించలేను. ఇక ‘మరచిపోదాం’ అన్న హితవు ఎవరికి లాభమో నవలే చూపుతుంది. నత్థూచేత పందిని చంపించిన మురాద్ అలీ చివరకు శాంతియాత్ర బస్సులో కూర్చుని ఐక్యతా నినాదాలు చేస్తుంటాడు.