మొదటి కంచం ఆమెదే కావాలి

ఉదయం ఆరు గంటల షిఫ్టు అందుకోవాలంటే జీడిమెట్ల పారిశ్రామికవాడలో పనిచేసే మహిళ నాలుగింటికే లేవాలి. ఇంటిల్లిపాదికీ వంట చేసి, డబ్బాలు సర్ది బయటపడేసరికి ఆమె కడుపులో పడేది ఒక కప్పు టీ, రెండు బిస్కెట్లు. గర్భిణికి అయితే ఈ తిండి ఏ మూలకూ చాలదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే నెలలు నిండకముందే కాన్పు కావచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. కాన్పు సమయంలో రక్తస్రావమైతే తల్లి ప్రాణానికే ముప్పు.

ఎంత తినాలి?

ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కొందరు అన్నం తగ్గిస్తారు. ఇద్దరి తిండీ తినాలని మరికొందరు బలవంతపెడతారు. రెండూ సరికాదు. నాలుగో నెల నుంచి రోజుకు అదనంగా 350 కేలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక అరటిపండు, కాసిని పల్లీలు తింటే దాదాపు సరిపోతుంది. పప్పు, ఆకుకూర రోజూ ఉండాలి. తోటకూర, మునగాకు, రాగిజావ ఖరీదైనవేమీ కావు.

మాత్రలతో టీ వద్దు

నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు ఐరన్ మాత్ర వేసుకోవాలి. టీ, కాఫీలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట విరామం ఉండాలి. కాల్షియం మాత్రను దీనితో కలిపి కాకుండా వేరే పూట వేసుకోవాలి. భోజనంలో నిమ్మరసం పిండుకున్నా, జామకాయ తిన్నా ఐరన్ బాగా పడుతుంది. మలం నల్లగా వస్తే భయపడి మాత్రలు మానకూడదు. మధుమేహం, బీపీ ఉన్నవారు ఆహారం విషయంలో డాక్టరు సలహా పాటించాలి.

తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టే ఏర్పాటు చేశారు. అద్దె ఇంట్లో ఉన్నా, వేరే ఊరి నుంచి వచ్చినా బస్తీలోని అంగన్‌వాడీ టీచరును కలిసి పేరు రాయించుకోవాలి.

అందరూ తిన్నాక మిగిలింది తినడం చాలామంది ఆడవాళ్లకు అలవాటు. ఈ తొమ్మిది నెలలైనా ఆ అలవాటు మాన్పించాల్సింది భర్త, అత్తమామలే. ఇంట్లో మొదటి కంచం ఆమెకే పెట్టాలి.