కార్డు ఎవరి పేరున?

నెలకు లక్ష రూపాయల సరుకు కొనే దుకాణానికి రివార్డు కార్డు లాభమంటారు. నూటికి రూపాయి తిరిగొస్తే నెలకు వెయ్యి. కాదనం. కానీ స్టేషన్ ఘన్‌పూర్‌లో బట్టల కొట్టు నడిపే స్త్రీ అరువిచ్చి, పత్తి డబ్బులు చేతికొచ్చేదాకా ఆగాలి. కార్డు బిల్లు ఆగదు. కొంత బాకీ మిగిలినా వడ్డీ లేని గడువు పోతుంది, కొత్త కొనుగోళ్లకూ వడ్డీ పడుతుంది. చాలా కార్డుల్లో అది నెలకు నూటికి మూడు దాటుతుంది. ఊరి మిత్తి వ్యాపారి నయం!

ఇంకొకటి. భర్త కార్డుకు అనుబంధ కార్డు తీసుకుంటే కష్టం ఆమెది, బ్యాంకులో పరపతి ఆయనది. అమెరికాలో 1974 చట్టం వచ్చేదాకా భర్త సంతకం అడిగిన బ్యాంకులుండేవి. ఇక్కడ చట్టం అడగదు, ఇల్లు అడుగుతుంది. పాయింట్లు లెక్కపెట్టేముందు కార్డు తన పేరున అడగాలి. బిల్లు పూర్తిగా కట్టలేని నెల సంఘం అప్పే మేలు.