మాటల మూట: ‘బై’

ఈ మాసం ‘బై’ అనే చిన్న ఇంగ్లీషు మాటను చూద్దాం. ఇంగ్లీషు రాదనేవారి నోట కూడా ఇది రోజూ ఆడుతూనే ఉంటుంది. ఇంటి నంబరు అడిగితే “మూడు డ్యాష్ నలభై అయిదు బై రెండు” అంటాం. పొలం సర్వే నంబరూ అంతే. పట్నం హోటల్లో ఒక టీ ఇద్దరు పంచుకుంటే ‘వన్ బై టూ’. స్థలం కొలతకు “ముప్పై బై నలభై”. ఇక్కడ మాత్రం భాగించడం కాదు సుమా, పొడవు వెడల్పులు చెప్పడం.

దీని పాత అర్థం ‘పక్కన’. ‘బై ది వెల్’ అంటే బావి పక్కన. ‘స్టాండ్ బై’ అంటే పక్కన నిలబడడం. అందులోనుండే కష్టకాలంలో విడువకుండా ఉండడమనే అర్థం వచ్చింది.

పని ఎవరు చేశారో చెప్పడానికీ ఇదే మాట. గొల్యాతు ఎవరిచేత కూలాడు? దావీదుచేత. అక్కడ ‘బై’. దేనితో? వడిసెల రాయితో. అక్కడ ‘విత్’. మన ‘చేత’కూ ‘తో’కూ ఉన్న తేడాయే ఇది. పిల్లలు పరీక్షల్లో ఈ రెండింటినీ తారుమారు చేస్తుంటారు. ‘బై బస్’, ‘బై ట్రెయిన్’ సరే గాని, మనవాళ్లు విరివిగా వాడే ‘బై వాక్’ తప్పు. నడిచి వచ్చామనడానికి ‘ఆన్ ఫుట్’ అనాలి. ఆసుపత్రి కాగితంలో ‘బై మౌత్’ అని ఉంటే ఆ మందు నోటి ద్వారా పుచ్చుకోవాలని.

ఇక తేదీకి ముందు వచ్చే ‘బై’. దీన్ని గురించి చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. 1994లో మా సంఘంలోని ఒక కూలి కుటుంబానికి నర్సింగు శిక్షణ ఫారం వచ్చింది. పెద్దమ్మాయి పదో తరగతి, ఇంటరు మంచి మార్కులతో ప్యాసయింది. ఆదివారం ఆరాధన అయ్యాక తండ్రి ఆ కాగితం నా చేతికిచ్చి, “మాస్టారూ, ఎప్పట్లోగా పంపాలండీ?” అన్నాడు. నా కళ్లజోడు ఇంటి దగ్గర ఉండిపోయింది. పైపైన చూసి, “పదో తేదీ వరకు టైముందిలే” అన్నాను. సర్టిఫికెట్ల నకళ్లకు, ఫీజుకు డబ్బు కూడబెట్టుకుని, అతడు సరిగ్గా పదో తేదీన రిజిస్టరు పోస్టు చేశాడు. అది మూడు రోజుల తరువాత చేరింది, వెనక్కి వచ్చేసింది. కాగితంలో ఉన్నది పదో తేదీకల్లా ‘చేరవలెను’ అని.

అతడు నన్నొక్క మాట అనలేదు. రసీదు తెచ్చి చూపి, “దీనిమీద పదే ఉంది కదండీ?” అని మాత్రం అడిగాడు. ఆ పిల్ల ఆ ఏడంతా తల్లితో మిరపకోతకు వెళ్లింది. నేను ఇరవై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ణి.

తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే మాట ఉంది: ‘కల్లా’. “తెల్లారేకల్లా నీళ్లు పట్టాలి” అంటాం చూడండి, అదే ‘బై’. ‘వరకు’ అన్నది ‘టిల్’. “పదో తేదీ వరకు సెలవు” అంటే అన్ని రోజులూ సెలవు నడుస్తుంది. “పదో తేదీకల్లా రా” అంటే పదికి మించకుండా ఎప్పుడైనా రావచ్చు. ఆ తరువాత ‘పంపవలెను’ అని ఉందా, ‘చేరవలెను’ అని ఉందా చూడండి. మనకు కళ్లజోడు లేకపోతే, రేపు చెబుతాననడం నామోషీ కాదు.

ఇంగ్లీషు బైబిలు చదివే యువతీయువకులకు ఇంకో సంగతి. ‘బై అండ్ బై’ అంటే ఈ కాలపు ఇంగ్లీషులో ‘కొంతకాలానికి, మెల్లగా’. 1868 నాటి ‘స్వీట్ బై అండ్ బై’ కీర్తన పేరులో ఉన్నదీ ఈ అర్థమే. కాని 1611 నాటి కింగ్ జేమ్స్ తర్జుమాలో దానికి ‘తక్షణమే’ అని అర్థం. మార్కు 6:25లో హేరోదియ కుమార్తె యోహాను తలను అడిగినప్పుడు ఆ మాటే ఉంది. ఆమె తరువాత చూద్దామనలేదు, అప్పటికప్పుడే కావాలన్నది. మత్తయి 13:21లో రాతినేలను పడిన విత్తనం సంగతీ అంతే. 1 కొరింథీయులు 4:4లోనైతే ‘బై మైసెల్ఫ్’ అంటే ‘నాకు విరోధముగా’ అని అర్థం, ‘నా అంతట నేను’ అని కాదు. ఈ చోట్ల మన తెలుగు బైబిలు పక్కన పెట్టుకుని చదివితే తికమక ఉండదు.

‘గుడ్ బై’లోని బైకి మాత్రం దీనితో చుట్టరికం లేదు. ‘దేవుడు మీకు తోడైయుండును గాక’ అనే దీవెన జనం నోట అరిగి అరిగి అలా మిగిలింది.

వచ్చే మాసం ‘ఫర్’. మీ సందేహాలు 20వ తేదీకల్లా మాకు చేరాలి. పోస్టులో వేయడం కాదండీ, చేరాలి.